పాలినేషియా దీవులకు ప్రయాణం: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్దీవులు చూశాం, బాలీ చూశాం, ఇక పసిఫిక్ వైపు వెళ్దామా అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. సమోవా, రారోటొంగా, తాహితీ, హవాయి... ఒక్కొక్కరిది ఒక్కో దీవి, కానీ సందేహాలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఈ దీవుల్ని లెక్క పెట్టుకుంటూ తిరగకండి. ఒక్కటి ఎంచుకుని, అక్కడే పది రోజులు ఉండండి. కింద చెప్పిన చాలా జవాబులు చివరికి అక్కడికే వస్తాయి.

పాలినేషియా అంటే సరిగ్గా ఎక్కడ? ఫిజీ అందులోదేనా?

పసిఫిక్ మ్యాపు మీద మూడు చుక్కలు పెట్టండి: పైన హవాయి, కింద ఎడమవైపు న్యూజిలాండ్, కుడివైపు చివర ఈస్టర్ దీవి అని మనం పిలిచే రాపా నుయి. మూడిటినీ కలిపితే వచ్చే త్రికోణమే పాలినేషియా. 'చాలా దీవులు' అని ఆ పేరుకి అర్థం. సమోవా, టోంగా, కుక్ దీవులు, తాహితీ ఉన్న ఫ్రెంచ్ పాలినేషియా, నియూ, తువాలు అన్నీ ఇందులోవే. వీటిలో వేడి వాతావరణం ఉన్న దీవుల గురించే ఇక్కడ రాస్తున్నాను. న్యూజిలాండ్ వేరే కథ.

ఫిజీని మామూలుగా పక్కనున్న ఇంకో దీవుల ప్రాంతం మెలనేషియాలో కలుపుతారు. కానీ మనకి అదే గుమ్మం లాంటిది. దారి అటు నుంచే, పైగా చుట్టరికం కూడా ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి ఫిజీ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఫిజీలో విమానం దిగే ఊరు నాంది. అక్కడి శ్రీ శివ సుబ్రహ్మణ్య ఆలయం ఎయిర్‌పోర్టుకి దగ్గరే. నాందిలో ఒక పూట ఆగాల్సి వస్తే హోటల్లో పడుకోకుండా అక్కడికి వెళ్ళిరండి.

ఇన్నిటిలో మాకు ఏది సరిపోతుంది?

అందరూ మొదట అడిగేది ఫ్రెంచ్ పాలినేషియాలోని బోరా బోరా దీవి. నీళ్ళ మీద కట్టిన గదులు, మధ్యలో 727 మీటర్ల ఒటెమాను కొండ, చుట్టూ నీలం రంగు నీళ్ళు. ఫొటోల్లో ఎలా ఉందో నిజంగానూ అలాగే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కాకపోతే చాలా ఖరీదు. పైగా రిసార్టులు చాలావరకు ప్రధాన దీవిలో కాకుండా చుట్టూ ఉన్న చిన్న ఇసుక దీవుల మీద ఉంటాయి. ఊళ్ళోకి రావాలంటే పడవ ఎక్కాలి. వారం రోజులు ఉన్నా ఒక్క తాహితీ కుటుంబంతో మాట్లాడకుండానే తిరిగి వచ్చేసే అవకాశం ఉంది. హనీమూన్‌కి వెళ్ళేవాళ్ళు రెండు రాత్రులు అక్కడ ఉండి, మిగిలిన రోజులు మోరేయాలో గడిపితే మంచిదని నా అభిప్రాయం. తాహితీ రాజధాని పపీతే నుంచి మోరేయాకి ఫెర్రీలో ముప్పావు గంట కూడా పట్టదు. కొండలు అంతే అందంగా ఉంటాయి, ఖర్చు చాలా తక్కువ. ఇళ్ళలోనే గదులు అద్దెకిచ్చే 'పాన్సియాన్'లు ఉంటాయి. ఇంటావిడ వండి పెడుతుంది కూడా.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది కుక్ దీవుల్లోని రారోటొంగా. దీవి చుట్టూ ఒకటే రోడ్డు, 32 కిలోమీటర్లు. రెండు బస్సులు తిరుగుతాయి. ఒకదాని మీద గడియారం ముల్లు తిరిగే వైపు అని, ఇంకోదాని మీద దానికి ఎదురు వైపు అని రాసి ఉంటుంది. చెయ్యెత్తితే ఆపుతారు. దారి తప్పే ప్రశ్నే లేదు, ఎటెక్కినా మళ్ళీ మొదటికే వస్తారు. దీవిలో ట్రాఫిక్ సిగ్నల్ ఒక్కటీ లేదు. కొబ్బరి చెట్టు కంటే ఎత్తైన బిల్డింగు కూడా కనిపించదు. అద్దె ఇళ్ళలో వంటగది ఉంటుంది కాబట్టి మన వంట మనం చేసుకోవచ్చు. అక్కడి నుంచి ఫ్లైట్‌లో గంట లోపే అయిటుటాకి దీవి. దాని లగూన్ (పగడపు దిబ్బ లోపల ఉండే ప్రశాంతమైన నీళ్ళు) చూశాక బోరా బోరాకి వెళ్ళలేదన్న బెంగ ఉండదు.

మనుషుల్ని, పల్లెల్ని చూడాలనుకునేవాళ్ళకి సమోవా. నా మనసు అక్కడే ఉండిపోయింది. గోడలు లేని ఇళ్ళు, వాటిని 'ఫలే' అంటారు. స్తంభాలు, పైకప్పు, కింద చాపలు, అంతే. బీచ్ పక్కనే అలాంటి ఫలేలు అద్దెకిస్తారు. పరుపు, దోమతెర ఉంటాయి, చాలాచోట్ల ఉదయం టిఫిను, రాత్రి భోజనం కూడా అద్దెలోనే. రాత్రంతా అలల చప్పుడు. ఏసీ లేకపోతే నిద్ర పట్టనివాళ్ళకి మాత్రం కష్టం.

టోంగాకి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా తిమింగలాల కోసం వెళ్తారు. జూలై నుంచి అక్టోబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి వవావు దీవుల దగ్గరికి వస్తాయి. లైసెన్సు ఉన్న గైడుతో వెళ్తే వాటి దగ్గర నీళ్ళలోకి దిగనిస్తారు. హవాయి సంగతి తెలిసిందే: అమెరికా సౌకర్యాలు, అమెరికా ధరలు, నిప్పులు కక్కే కిలవేయా అగ్నిపర్వతం.

వీసా సంగతేంటి?

టెన్షన్ పెట్టేది వెళ్ళే దీవి కాదు, మధ్యలో దిగే దేశం. కుక్ దీవులు తిరుగు టికెట్ ఉన్న సందర్శకులకి ముందస్తు వీసా లేకుండానే 31 రోజులు ఉండనిస్తాయి. సమోవా దిగాక పర్మిట్ ఇస్తుంది. అంతవరకూ సులువే. కానీ రారోటొంగాకి మామూలు దారి ఆక్లాండ్ మీదుగా. అక్కడ విమానం మారడానికి కూడా మన పాస్‌పోర్టుకి ట్రాన్సిట్ వీసా అడుగుతారు. సిడ్నీ మీదుగా వెళ్ళినా అదే తంతు. ఇది తెలియక టికెట్లు కొనేసి, చెకిన్ కౌంటర్ దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. టికెట్ కొనేముందు ప్రతి మజిలీకీ ఒక్కోసారి చూసుకోండి.

ఫ్రెంచ్ పాలినేషియా విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. 'నా దగ్గర షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా ఉంది కదా, తాహితీ ఫ్రాన్స్‌దే కదా' అనుకుంటారు. తాహితీ షెంజెన్‌లో లేదు. ఫ్రాన్స్ వీసా కేంద్రంలోనే అప్లై చేయాలి గానీ, ఆ భూభాగానికి చెల్లుతుందని వీసా మీద విడిగా రాసి ఉండాలి. అప్లికేషన్‌లో మీ గమ్యం ఫ్రెంచ్ పాలినేషియా అని స్పష్టంగా రాయండి.

ఈ నియమాలు మారుతూ ఉంటాయి. ఆయా దేశాల ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి. ఏజెంట్ నోటిమాట మీద వెళ్ళకండి.

అమెరికాలో హెచ్ వన్ బీ మీద ఉన్నాం. ఏ దీవికి వెళ్ళడం మంచిది?

పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే హవాయి ఒక్కటే. అది అమెరికాలో ఒక రాష్ట్రం, డల్లాస్ నుంచి సియాటెల్ వెళ్ళినట్టే. తాహితీకో, రారోటొంగాకో వెళ్తే మీరు అమెరికా దాటినట్టు లెక్క. తిరిగి రావాలంటే చెల్లుబాటులో ఉన్న స్టాంపు కావాలి, ఆ చిన్న దీవుల్లో స్టాంపింగ్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. స్టాంపు ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులు: లాస్ ఏంజెలెస్ నుంచి పపీతేకి ఎనిమిదిన్నర గంటల ప్రయాణం, అంతే.

అమెరికన్ సమోవా పేరు చూసి మోసపోవద్దు. అది అమెరికాదే అయినా దాని ఇమిగ్రేషన్ విడిగా నడుస్తుంది. హవాయికి వెళ్ళినట్టు వెళ్ళిపోవడం కుదరదు.

హైదరాబాద్ నుంచి ఏ దారిన వెళ్ళాలి?

సింగపూర్, అక్కడి నుంచి నాంది, నాంది నుంచి సమోవా రాజధాని అపియా. నాకు తెలిసి మన పాస్‌పోర్టుకి అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఉన్న దారి ఇదే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ట్రాన్సిట్ గొడవ ఉండదు. ఫిజీ మనవాళ్ళని ముందస్తు వీసా లేకుండానే రానిస్తుంది. తాహితీకి టోక్యో మీదుగా ఒక దారి ఉంది, ప్యారిస్ మీదుగా ఇంకోటి. ఏ దారిన వెళ్ళినా మజిలీలన్నీ కలిపితే అటు దాదాపు రెండు రోజులు, ఇటు రెండు రోజులు అనుకోండి. అందుకే వారం రోజుల సెలవుకి ఇది పనికిరాదు. రెండు వారాలు లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

ఎప్పుడు వెళ్ళాలి?

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న దీవులకి మే నుంచి అక్టోబరు దాకా. మన వానాకాలం వాళ్ళకి పొడి కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, ఉక్కపోత. మన పిల్లల వేసవి సెలవుల్లో మే నెల బాగా కలిసొస్తుంది: రద్దీ ఉండదు, ఎండ ఉంటుంది. జూలైలో తాహితీలో 'హేయివా' ఉత్సవం జరుగుతుంది. నెలంతా నాట్యం, పాటలు, పడవ పోటీలు. అందుకోసమే వెళ్ళినా తప్పు లేదు. రారోటొంగాలో ఆగస్టు 4 రాజ్యాంగ దినోత్సవం. దాని ముందు రోజుల్లో ఒక్కో దీవి నుంచి బృందాలు వచ్చి పోటీపడి ఆడతాయి.

హవాయి ఉత్తరార్ధంలో ఉంది. అక్కడ తిమింగలాలు శీతాకాలంలో, డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య కనిపిస్తాయి.

తేదీ వెనక్కి వెళ్తుందంటారు, నిజమేనా?

నిజమే. ఆక్లాండ్‌లో మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఎక్కితే, నాలుగు గంటలు ఎగిరి రారోటొంగాలో సోమవారం మధ్యాహ్నం మూడింటికి దిగుతారు. అంతర్జాతీయ దినరేఖ దాటడం వల్ల వచ్చే తేడా ఇది. హోటల్ బుకింగ్‌లో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఒక రాత్రి అనవసరంగా ఎక్కువో తక్కువో బుక్ చేస్తారు. టికెట్ మీద రాసిన దిగే తేదీ చూసి, దాన్నిబట్టే గది తీసుకోండి.

సమోవా కథ ఇంకా చిత్రం. 1892 నుంచి ఆ దేశం అమెరికా వైపు తేదీల్లో ఉండేది. వ్యాపారమంతా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో. వాళ్ళకి సోమవారం అయితే వీళ్ళకి ఇంకా ఆదివారం. అందుకని 2011 డిసెంబరు 29 రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి 31వ తేదీ. 30వ తేదీ అనేదే సమోవా వాళ్ళకి లేదు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా పాత వైపే ఉండిపోయింది. అరగంట పైచిలుకు విమాన ప్రయాణం, సరిగ్గా ఒక రోజు తేడా. ఒకే వారంలో రెండు పుట్టినరోజులు చేసుకునేవాళ్ళు ఉన్నారంటే నమ్మండి.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి: హైదరాబాద్‌లో మంగళవారం మధ్యాహ్నం పన్నెండయితే అపియాలో అదే రోజు రాత్రి ఏడున్నర, రారోటొంగాలో సోమవారం రాత్రి ఎనిమిదిన్నర.

మేము శాకాహారులం. పస్తులు ఉండాల్సి వస్తుందా?

ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వడం నాకు చాలా ఇష్టం. ఎందుకంటే ఆ దీవుల అసలు తిండి మన పెరట్లోదే. చేమదుంప, చేమాకు, కొబ్బరి, అరటి, సీమపనస, పెండలం, చిలగడదుంప, బొప్పాయి. మనం చేమదుంపతో ఏం చేస్తామో వాళ్ళు దానితో పండగే చేస్తారు. అది అక్కడ అన్నం లాంటిది.

రారోటొంగాలో 'రుకావ్' అని ఒక కూర ఉంటుంది. లేత చేమాకులు కోసి, చిక్కటి కొబ్బరి పాలు పోసి, ఉల్లిపాయ వేసి మెత్తగా, చాలాసేపు ఉడికిస్తారు. శనివారం పొద్దున అవరువాలో జరిగే పునాంగా నుయి సంతలో ఒక పెద్దావిడ దగ్గర కొనుక్కుని, అక్కడే చెట్టు కింద కూర్చుని తిన్నాను. ముదురు ఆకుపచ్చ ముద్ద, పైన కొబ్బరి నూనె మెరుపు. మొదటి ముద్దకే మా అమ్మమ్మ చేమాకు పులుసు గుర్తొచ్చింది. చింతపండు లేదు, అంతే తేడా. 'దురద రాదా?' అని సైగ చేసి అడిగితే, చేతిని కింద నుంచి పైకి తిప్పుతూ మంట చూపించింది. బాగా ఉడకాలని. మా అమ్మమ్మ కూడా సరిగ్గా అదే మాట చెప్పేది.

సమోవాలో ఇదే వంటకాన్ని 'పలుసామి' అంటారు. ఆకుల్లో కొబ్బరి పాలు పోసి మూటలా కట్టి, కాలిన రాళ్ళ మీద ఆకులు కప్పి 'ఉము' అనే పొయ్యిలో కాలుస్తారు. అందులోనే సీమపనస కాయ కూడా. లోపలి గుజ్జు కాల్చిన ఆలుగడ్డలా ఉంటుంది. తాహితీలో 'పొయే' అని బొప్పాయి, అరటిపండు గుజ్జుతో చేసి కొబ్బరి పాలు పోసే తీపి వంటకం ఉంటుంది. అది వదలకండి.

జాగ్రత్త ఎక్కడంటే, 'వెజిటేరియన్' అన్న మాట పల్లెల్లో సరిగ్గా అందదు. చేపని మాంసం అనుకోరు. చేమాకు మూటలో డబ్బా గొడ్డు మాంసం పెట్టడం మామూలే, టోంగాలో మరీ ఎక్కువ. అందుకని 'మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు' అని విడివిడిగా చెప్పండి. ఆకు మూట ఏదైనా విప్పకముందే అడగండి. వాళ్ళు నొచ్చుకోరు.

మాంసాహారులకి అసలు బెంగే లేదు. పచ్చి ట్యూనా చేపని నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరి పాలు కలిపే వంటకం ప్రతి దీవిలోనూ ఉంది. కుక్ దీవుల్లో 'ఇకా మాటా', సమోవాలో 'ఓకా', తాహితీలో ఫ్రెంచి పేరుతో 'పువాసాన్ క్రూ'. పపీతే రేవు దగ్గర సాయంత్రం బండ్లు పెడతారు, 'రూలోత్' అంటారు. ఊళ్ళో చవకగా కడుపు నిండేది అక్కడే.

ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చా?

ఫ్యాక్టరీలో సీలు వేసిన ప్యాకెట్లు తీసుకెళ్ళండి, దిగేటప్పుడు ఫారంలో డిక్లేర్ చేయండి. ఇంట్లో కట్టిన డబ్బాలు ఉంచుతారా, పారేస్తారా అన్నది ఆఫీసర్ ఇష్టం. పచ్చి కరివేపాకు, పసుపు కొమ్ములు, విత్తనాలు, పండ్లు, తులసి, తల్లో పెట్టుకున్న మల్లెపూలు కూడా వద్దు. తేనె అసలే వద్దు. బయటి పురుగు, బయటి తెగులు ఒక్కటి అడుగుపెడితే ఒక చిన్న దీవి పంటంతా పోతుంది. వాళ్ళ భయంలో న్యాయం ఉంది. దారిలో న్యూజిలాండ్‌లో దిగి ఊళ్ళోకి వెళ్ళేట్టయితే మరీ జాగ్రత్త. చెప్పకుండా తెచ్చిన ఒక్క ఆపిల్ పండుకి కూడా 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా అక్కడికక్కడే వేస్తారు. చెప్పి చూపిస్తే మాత్రం మహా అయితే పారేస్తారు, జరిమానా ఉండదు.

ఆదివారాలు అన్నీ మూసేస్తారా?

చాలావరకు. టోంగాలో ఆదివారం పవిత్రమని రాజ్యాంగంలోనే ఉంది. దుకాణాలు, ఆటలు అన్నీ బంద్. సమోవాలో, రారోటొంగాలో కూడా ఊరు ఊరంతా చర్చికి వెళ్తుంది. శనివారమే కావలసినవి కొనిపెట్టుకోండి. వీలైతే మీరూ చర్చికి వెళ్ళండి, మతం గురించి కాదు, ఆ పాట వినడానికి. వాద్యాలు లేకుండా వందమంది ఒకేసారి గొంతెత్తితే రెక్కలు విప్పినట్టుంటుంది. తెల్ల బట్టలు, ఆడవాళ్ళకి అల్లిన టోపీలు. వెనక బల్ల మీద కూర్చుంటే చాలు.

సమోవా పల్లెల్లో ఇంకోటి ఉంది, 'సా' అంటారు. పొద్దు గుంకే వేళ శంఖం ఊదుతారు లేదా గంట కొడతారు. ఆ పది, ఇరవై నిమిషాలు ప్రతి ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ఆ సమయంలో ఊరి మధ్య నుంచి నడవకూడదు. సవాయీ దీవిలో ఒక సాయంత్రం బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని బీచ్ ఫలేకి తిరిగి వస్తుంటే శంఖం వినిపించింది. మన గుళ్ళో వినే శంఖమే అనిపించి అలాగే నడుస్తున్నాను. రోడ్డు పక్క ఇంట్లోంచి ఒకావిడ చెయ్యూపి పిలిచి, చాప చివర చోటు చూపించింది. కూర్చున్నాను. కాళ్ళు చాపి కూర్చోబోతే, పక్కనున్న పిల్ల తన కండువా తెచ్చి నా కాళ్ళ మీద కప్పింది. ఎదుటివాళ్ళ వైపు పాదాలు చాపడం అక్కడ తప్పు. బాసింపట్టు వేసుకున్నాక ఆవిడ తల ఊపింది. గోడలు లేవు కదా, ఈ ఇంటి పాట అయిపోకముందే పక్కింటి పాట, ఆ పై ఇంటి పాట, అలా ఊరి చివరిదాకా. ఆ తర్వాత మళ్ళీ గంట కొట్టారు, రోడ్డు మీద పిల్లలు పరుగులు మొదలుపెట్టారు. పది రోజులు ఒకేచోట ఉండమని నేను చెప్పేది ఇలాంటి సాయంత్రాల కోసమే.

బీచ్‌కి వెళ్తే ఊరివాళ్ళు డబ్బులు అడుగుతారట, మోసమా?

కాదు. సమోవాలో భూమిలో ఎక్కువ భాగం కుటుంబాల ఉమ్మడి ఆస్తి. బీచ్, జలపాతం, లావా మైదానం ఏదైనా ఒక ఊరిది. చిన్న మొత్తం ప్రవేశ రుసుము అడుగుతారు. ఇచ్చేయండి. దానితోనే దారి శుభ్రం చేస్తారు. లోతోఫాగా ఊళ్ళో 'తో సువా' అనే పెద్ద సముద్రపు గుంట ఉంది. తోట మధ్యలో నేల కుంగిపోయి, దాదాపు 30 మీటర్ల లోతున పచ్చటి నీళ్ళు. నిలువు నిచ్చెన దిగి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనుంచి చూస్తే చాలు.

ఏ బట్టలు తీసుకెళ్ళాలి?

నూలు బట్టలు. ఈత దుస్తులు బీచ్ వరకే, ఊళ్ళోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. టోంగాలో మగవాళ్ళు చొక్కా లేకుండా రోడ్డు మీద తిరగడం చట్టప్రకారమే నేరం. మగవాళ్ళు లుంగీ ఒకటి పెట్టుకోండి. సమోవాలో లావాలావా కట్టుకుని మంత్రులు కూడా ఆఫీసుకి వెళ్తారు, మీ లుంగీని వింతగా చూసేవాళ్ళు ఉండరు.

ఈత రాదు. వెళ్ళి ఉపయోగం ఉందా?

ఉంది. దీవి చుట్టూ పగడపు దిబ్బ ఒక ప్రహరీగోడలా ఉంటుంది. పెద్ద అలలు దాని మీదే విరిగిపోతాయి, లోపలి లగూన్ చెరువులా ఉంటుంది. రారోటొంగాలోని మురి బీచ్‌లో నడుం లోతు నీళ్ళలోనే మాస్కు పెట్టుకుని చేపలు చూడొచ్చు.

కానీ ఇది జాగ్రత్తగా చదవండి. ఆ గోడకి అక్కడక్కడా గండ్లు ఉంటాయి, 'పాసేజ్' అంటారు. అలలతో దిబ్బ దాటి లోపలికి వచ్చిన నీరంతా ఆ గండ్ల గుండానే బయటికి పోతుంది. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల కాలవలా లాగుతుంది. బాగా ఈదగలిగినవాళ్ళు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీళ్ళలో దిగేముందు ఇంటివాళ్ళని 'గండి ఎక్కడుంది?' అని అడగండి, అటు వెళ్ళకండి. నీళ్ళలో తొడుక్కునే చెప్పులు కొనుక్కోండి. పగడం గీసుకుంటే ఆ పుండు త్వరగా మానదు, పైగా రాయిలా కనిపించే విషపు చేప కూడా ఉంటుంది. పగడం మీద నిలబడకండి. అది రాయి కాదు, ప్రాణి. హవాయిలో పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ అమ్మకాన్ని 2021 నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకెళ్ళండి.

పాములు, మలేరియా?

ఈ దీవుల్లో మలేరియా లేదు. డెంగ్యూ ఉంది, దోమల మందు పగలు కూడా రాసుకోవాలి. తాహితీ, హవాయి నేల మీద పాముల భయం లేదు. వీధి కుక్కల సంగతి మాత్రం మన ఊళ్ళలాగే, రాత్రిపూట సమోవాలో ఒంటరిగా నడవకండి. కొబ్బరి చెట్టు కింద చాప వేసుకుని పడుకోవద్దని కోనసీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పెద్ద జబ్బు చేస్తే చిన్న దీవి నుంచి విమానంలో వేరే దేశానికి తరలించాల్సి వస్తుంది, ఆ బిల్లు మామూలుగా ఉండదు.

డబ్బు ఎలా తీసుకెళ్ళాలి? కారు, ప్లగ్గుల సంగతి?

రూపాయలు అక్కడ మారవు. కుక్ దీవుల్లో న్యూజిలాండ్ డాలర్లు నడుస్తాయి, వాళ్ళ సొంత నాణేలూ ఉన్నాయి. మూడు మూలల రెండు డాలర్ల నాణెం పిల్లలకి భలే నచ్చుతుంది. తాహితీలో పసిఫిక్ ఫ్రాంకు, యూరోకి దాదాపు 119. సమోవాలో తాలా. చిన్న దీవుల్లో ఏటీఎం ఉండకపోవచ్చు, నగదు ఉంచుకోండి. టిప్పు ఇవ్వడం హవాయిలో తప్పనిసరి లాంటిది, మిగతాచోట్ల అలవాటు లేదు.

సమోవా, టోంగా, కుక్ దీవుల్లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. తాహితీ, హవాయిలో కుడివైపు. సమోవా 2009 సెప్టెంబరు 7న కుడి నుంచి ఎడమకి మారిపోయింది. ప్లగ్గులు కుక్ దీవులు, సమోవా, టోంగాలో ఆస్ట్రేలియా రకం, తాహితీలో ఫ్రెంచి రకం. హవాయిలో కరెంటు 120 వోల్టులే, మన బుల్లి రైస్ కుక్కర్ అక్కడ పనిచేయదు.

చూడ్డానికి నీళ్ళు తప్ప ఏముంది? మావాళ్ళకి బోరు కొడుతుందేమో.

దిక్సూచి లేకుండా, నక్షత్రాలు, అలల తీరు, పక్షుల దారి చూసుకుంటూ ఈ మహాసముద్రమంతా పడవల్లో తిరిగి స్థిరపడిన జాతి ఇది. దక్షిణ అమెరికా చిలగడదుంప కొలంబస్ కంటే ముందే వీళ్ళ తోటల్లో ఉంది. వాళ్ళు అలా ప్రయాణం చేయలేదు, గాలికి కొట్టుకొచ్చారని పండితులు కొందరు వాదిస్తే, 1976లో 'హోకులేయా' అనే జంట పడవ ఏ పరికరమూ లేకుండా హవాయి నుంచి తాహితీ చేరి చూపించింది. దారి చూపినవాడు పసిఫిక్‌లోనే ఇంకో దీవుల ప్రాంతం మైక్రోనేషియాకి చెందిన మావు పియాయిలుగ్. రాయతేయా దీవిలోని 'తపుతపువాతేయా' అనే రాతి ఆవరణ 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పాలినేషియా నలుమూలల నుంచి పడవలు వచ్చి కలిసిన చోటు అది. అక్కడ గంటసేపు నిలబడితే బోరు అన్న మాట రాదు.

నొప్పి కూడా ఉంది. 1966 నుంచి 1996 దాకా ఫ్రాన్స్ మొరురోవా, ఫంగతౌఫా దీవుల్లో 193 అణు పరీక్షలు చేసింది. క్యాన్సర్లతో ఆ కుటుంబాలు ఇప్పటికీ పోరాడుతున్నాయి. 'స్వర్గం' అన్న మాట వాళ్ళ ముందు వాడేటప్పుడు నాకు నోరు రాదు.

ఆ వైపు మన గుడి ఏదైనా ఉందా?

ఫిజీ సంగతి పైన చెప్పాను. హవాయిలో కవాయి దీవి మీద శైవ ఆశ్రమం ఉంది, 1970లో మొదలైంది. అక్కడి ఇరైవన్ ఆలయాన్ని చోళుల శైలిలో పూర్తిగా రాతితో కట్టారు. రాళ్ళని కర్ణాటకలో చేత్తో చెక్కి ఓడల్లో పంపారు. 2023లో కుంభాభిషేకం జరిగింది. దర్శనం వేళలు పరిమితం, ముందే చూసుకుని వెళ్ళండి.

చెవి దగ్గర పువ్వు ఎటు పెట్టుకోవాలి?

ఎడమ చెవి దగ్గర అయితే పెళ్ళయినట్టు, మనసు ఇచ్చేసినట్టు. కుడివైపు అయితే ఇంకా లేదని. తాహితీ ఎయిర్‌పోర్టులో చేతికిచ్చే తెల్ల పువ్వు 'తియారే', మన గంధరాజానికి చుట్టం. దాన్ని కొబ్బరి నూనెలో నానబెట్టి 'మొనోయి' చేస్తారు, తలకీ ఒంటికీ రాసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళకి తెచ్చిపెట్టడానికి అంతకంటే మంచిది లేదు.

ముత్యాలు కొనొచ్చా?

హైదరాబాద్‌లో పుట్టినవాళ్ళు అడగకుండా ఉండరు. తుఅమోతు, గాంబియే దీవుల్లో, కుక్ దీవుల మనిహికిలో నల్ల పెదవి ఆల్చిప్పల్లో పెంచే నల్ల ముత్యాలు ఇవి. నలుపు అంటాం గానీ నెమలి మెడ రంగు, వంకాయ రంగు, బూడిద రంగు అన్నీ ఉంటాయి. రంగు వేసింది కాదు, సహజంగా వచ్చిందే. రసీదు, సర్టిఫికెట్ తీసుకోండి, మన కస్టమ్స్‌లో చూపించండి. గుండ్రంగా లేని, గాట్లు పడిన ముత్యాలు చాలా తక్కువ ధరకి వస్తాయి, నాకైతే అవే అందం. పెద్ద ఆల్చిప్పలు, పగడపు ముక్కలు మాత్రం బీచ్‌లో దొరికినా తేకండి, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. హవాయి నేషనల్ పార్కులో లావా రాయి ఏరుకోవడం కూడా నేరమే. ఆ రాళ్ళు ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు చాలామంది తర్వాత క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో తిప్పి పంపుతుంటారు.